ఇరవై నాలుగు మిల్లీమీటర్ల తొడ ఎముక

ఇది ఒక మహాకావ్యం. మూడు పట్టణాల మధ్య నడుస్తుంది. ఇందులో ఒక నిషిద్ధ మాసం ఉంది, ఆ మాసంలో ఒక రహస్య సమాగమం ఉంది, బీరువాలో చీరల కింద దాచిన ఒక పత్రం ఉంది, వంశాంకురానికి వచ్చిన ఒక గండం ఉంది. ఆరేడు కాండలకు సరిపడా సరుకుందని నేను కూడా నమ్మాను.

తీరా రాయడానికి కూర్చుంటే ఇది మా ఆవిడ ఐదో నెల స్కానింగ్ రిపోర్టు గురించిన సంగతని తేలింది. పట్టణాలు బాపట్ల, తెనాలి, రేపల్లె. రహస్య సమాగమం జరిగిన చోట పక్కవాటా వాళ్ల కుక్కరు మూడు విజిళ్లు వేసింది. కావ్యాల్లో కుక్కర్లు ఉండవు కాబట్టి ఆ ఆశ వదిలేయండి.

నేను గ్రామ సర్వేయర్ని. ఉండేది బాపట్లలో, అమ్మతో. ఉద్యోగం కర్లపాలెం మండలంలో. పొలం కొలవడం, కొలిచాక గట్టుకు అటువైపు అన్న చేత, ఇటువైపు తమ్ముడి చేత సమానంగా తిట్లు తినడం నా పని. మా ఆవిడది రేపల్లె. పెళ్లి వేసవి మొదట్లో అయింది. కాపురం సరిగ్గా అర్థమవుతున్న సమయానికి ఆషాఢం వచ్చి పడింది. కొత్తకోడలు ఆ నెల అత్తగారింట ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మా అమ్మ ఈ విషయంలో ఎంత ఖచ్చితమైన మనిషంటే, అమావాస్య ఏ గంటకు వెళ్తుందో చూసుకుని మరీ కోడల్ని రైలెక్కించింది. రేపల్లెలో మా అత్తయ్య కూడా అంతే ఖచ్చితంగా కూతుర్ని దింపుకుంది. ఈ నెలరోజులకీ పిల్లకు కాపలా ఆవిడే.

ఈ పెద్దవాళ్లిద్దరూ తెనాలిని మరిచిపోయారు. బాపట్ల నుంచి వచ్చే రైలూ తెనాలిలో ఆగుతుంది, రేపల్లె నుంచి వచ్చే ప్యాసింజరూ తెనాలికే వస్తుంది. అక్కడ నా స్నేహితుడి కుటుంబం తిరుపతి వెళ్తూ తులసికోటకు నీళ్లు పొయ్యమని నాకు తాళం ఇచ్చింది. తెనాలిలో జాకెట్లు బాగా కుడతారని మా ఆవిడ ఇంట్లో చెప్పి వచ్చింది. అలా రెండుసార్లు. తులసికోటకు నీళ్లు కూడా పోశాను.

శ్రావణంలో ఆవిడ బాపట్ల వచ్చింది. కొన్నాళ్లకే నెల తప్పింది, వేవిళ్లు మొదలయ్యాయి. మామూలు వేవిళ్లు కావు, మా వీధి చివర బజ్జీలబండి నూనె కాగితే మా పెరట్లో ఈవిడ వాంతి చేసుకునేది. పుట్టింట్లో అయితే కాస్త కుదుటపడుతుందని రేపల్లె పంపించాం. మొదటి స్కాను అక్కడే తీయించారు. ఆ రోజు నేను ఎక్కడో పొలంలో టేపు పట్టుకుని ఉన్నాను. గుండె కొట్టుకుంటోందట అని అత్తయ్య ఫోన్లో చెప్పింది. ఆ రిపోర్టు నేను చూడలేదు, అడగలేదు కూడా. గుండె కొట్టుకుంటోందంటే ఇంకేం చూస్తాం అనుకున్నాను. మూడో నెల స్కానుకు బస్సెక్కే పరిస్థితి లేక ఈవిడ వెళ్లనే లేదు.

కాన్పుకు తెనాలిలో పెద్ద డాక్టరుగారి దగ్గర పేరు రాయిద్దామని అమ్మ అంది. రెండు కుటుంబాలకూ మధ్య ఊరు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. ఫైలు తెరిచే రోజున అమ్మా, అత్తయ్యా, నేనూ ఒక బల్ల మీద కూర్చున్నాం. మా ఆవిడ బరువు చూసే మిషను మీద నిలబడి, చెప్పులతో కలిపి చూస్తారా విడిగా చూస్తారా అని ఆయాతో వాదిస్తోంది. నర్సు ఆఖరి డేటు ఎప్పుడని అడిగింది. నెలసరి ఆఖరుసారి వచ్చిన మొదటి రోజు అన్నమాట. మా ఆవిడకు ఇలాంటి లెక్కలు పట్టవు. అడిగితే అమ్మనడగండి అంటుంది. చిన్నప్పటి నుంచీ వంటింటి క్యాలెండరు మీద పెన్సిలుతో చుక్క పెట్టే పని అత్తయ్యదే, పెళ్లయ్యాక కూడా ఫోన్లో అడిగి పెట్టేది. అత్తయ్య తడుముకోకుండా మే ముప్పై అని చెప్పింది. నర్సు ఒక అట్ట చక్రం తిప్పి, మార్చి ఆరు కాన్పు అని కార్డు మీద రాసింది. అమ్మ తృప్తిగా తల ఊపింది. మిషను మీద నుంచి దిగిన మనిషి యాభై రెండు కేజీలు, చెప్పులు కాకుండా.

ఇక ఐదో నెల స్కాను. దీన్ని అందరూ టిఫా అంటారు. బిడ్డకు తలా కాళ్లూ చేతులూ లోపలి భాగాలూ అన్నీ ఉన్నాయా, ఎంతెంత ఉన్నాయి అని చూస్తారు. గది బయట, గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పడం నేరమన్న బోర్డు డాక్టరుగారి పేరు కన్నా పెద్దక్షరాల్లో ఉంది. ఆ బోర్డు కిందే కూర్చుని ఒక పెద్దాయన, మీకు ఎవరనుకుంటున్నారు బాబూ అని నన్నడిగాడు. సర్వేయరనుకుంటున్నానండి అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

లోపల చీకటి, ఏసీ. మా ఆవిడ పొట్ట మీద చల్లటి జెల్లు రాశారు. స్కానింగ్ డాక్టరుగారు నలభై దాటిన ఆవిడ, అలసిపోయినట్టుగా, కానీ తొందర లేకుండా పనిచేస్తున్నారు. తెర మీద బూడిదరంగులో ఏదో కదులుతోంది. ఆవిడ ఈ చివర ఒక చుక్క, ఆ చివర ఒక చుక్క పెట్టి మధ్య దూరం చదువుతుంటే, పక్కన కూర్చున్న అమ్మాయి టైపు చేస్తోంది. తల వెడల్పు ముప్పై ఎనిమిది. తొడ ఎముక ఇరవై నాలుగు. మిల్లీమీటర్లు. నాకు చాలా ఆనందంగా ఉంది. మేం కూడా ఇలాగే కొలుస్తాం, కాకపోతే మా పొలాలు తన్నవు.

అప్పుడు డాక్టరుగారు బిడ్డ తొడ ఎముక మళ్లీ కొలిచారు. ఇరవై నాలుగు. కాస్త ఆగి మూడోసారి కొలిచారు. ఇక్కడ నా ఆనందం ఆగిపోయింది. ఎవరూ సరదాకి మూడోసారి కొలవరని నా వృత్తిలో తెలుస్తుంది.

"డేటు కరెక్టేనా అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

మా ఆవిడ నోరు తెరిచేలోపు తలుపు దగ్గర కుర్చీలోంచి అత్తయ్య జవాబు చెప్పింది. "కరెక్టేనండి. నేనే చెప్పాను."

డాక్టరుగారు అత్తయ్య వైపు చూశారు, ఆవిడ పక్కన కూర్చున్న మా అమ్మ వైపు చూశారు, మళ్లీ తెర వైపు తిరిగారు. తర్వాత మెల్లగా చెప్పారు. కార్డు ప్రకారం ఇరవై ఒక్క వారాలు నిండాలి. బిడ్డ కొలతలు పదిహేడు వారాల బిడ్డవి. తేడా ఒకటి రెండు రోజులైతే పట్టించుకోరు, నాలుగు వారాలంటే పట్టించుకోవాలి. డేటన్నా తప్పు కావాలి, లేదా బిడ్డ ఎదుగుదల ఆగి ఉండాలి. రెండు వారాల తర్వాత మళ్లీ కొలుస్తారు. రెండు వారాల్లో రెండు వారాల పెరుగుదల కనిపిస్తే భయం లేదు. కనిపించకపోతే గుంటూరు వెళ్లి పెద్ద పరీక్షలు చేయించాలి. ఆ పరీక్షలు దేనికని నేను అడగలేదు. అడగకపోయినా డాక్టరుగారి మొహం చూస్తే తెలుస్తోంది.

రెండు వారాలంటే పద్నాలుగు రోజులు. మామూలుగా ఇది పెద్ద సమయం కాదు. మా ఆఫీసులో ఒక కాగితం ఈ బల్ల నుంచి ఆ బల్లకు వెళ్లడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

మొదటి రోజు నేను నా టేపు మీద ఇరవై నాలుగు మిల్లీమీటర్ల దగ్గర బొటనవేలు పెట్టి చూశాను. రెండో రోజు నుంచి కనిపించిన ప్రతిదాన్నీ దానితో పోల్చడం మొదలైంది. చింతగింజ పదిహేను. సైకిలు తాళంచెవి నలభై ఎనిమిది. పెన్ను మూత, బెండకాయ ముక్క, మా అమ్మ వత్తులు చేసే పత్తి. కార్తీకం కావడంతో అమ్మ రోజూ దీపాలు పెట్టేది. ఎందుకో చెప్పకుండా ఆ రెండు వారాలూ ఒక వత్తి ఎక్కువ వెలిగించింది. నేను ఒకచోట కూర్చోలేకపోయేవాణ్ని. టిఫిను తింటూ లేచేవాణ్ని, బండి తాళం తీసి మళ్లీ వేసేవాణ్ని. తర్వాతి వారం కొలత ఎంతుండాలో ఫోన్లో చూసేవాణ్ని, ఒక్కొక్క చోట ఒక్కొక్క అంకె. చూడొద్దని మా ఆవిడ రేపల్లె నుంచి ఫోన్లో చెప్పేది. చెప్పి, మీరు చూసిందాంట్లో ఎంతుంది అని అడిగేది.

ఆవిడ వైపు పరిస్థితి ఇంకోరకం. అత్తయ్య రోజుకు నాలుగు గుడ్లు, రెండు సున్నుండలు, ఒక పెద్ద గ్లాసు పాలు పట్టిస్తోందట. బిడ్డ సంగతేమో కానీ నేను మాత్రం నాలుగు వారాలు ముందున్నాను అంది. ఆ మాటకు ఇద్దరం నవ్వాం. ఫోను మాత్రం ఇద్దరం పెట్టెయ్యలేదు. కాసేపటికి ఆవిడే, "ఇప్పుడు కదిలింది" అంది. కాస్త ఆగి, "గ్యాసేమో" అంది.

పదకొండో రోజు నేను కర్లపాలెం దగ్గర ఒక పొలంలో ఉన్నాను. అన్నదమ్ముల తగాదా. తమ్ముడు గట్టు నరికి అర మీటరు కలుపుకున్నాడని అన్న ఫిర్యాదు. ఈ చివర కొలిస్తే అర మీటరు తక్కువ. మధ్యలో కొలిస్తే అర మీటరు తక్కువ. ఆ చివర కూడా సరిగ్గా అర మీటరే. నాతో టేపు పట్టుకునే పెద్దాయనకు ఈ పనిలో నా వయసుకన్నా ఎక్కువ అనుభవం. ఆయన గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించి, "అన్నిచోట్లా ఒకటే తక్కువంటే రాయి జరిగిందండి. పొలం యాడికి పోద్ది" అన్నాడు.

ఆయన చెప్పింది మేం కొలత మొదలుపెట్టే హద్దురాయి సంగతి. రాయి తప్పుగా ఉంటే పొలం ఎంత బుద్ధిగా ఉన్నా కాగితం మీద దొంగే అవుతుంది. ఇది నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్పించారు. అయినా పదకొండు రోజులుగా నేను పొలాన్నే అనుమానిస్తూ తిరుగుతున్నాను. ఫోన్లో దాచుకున్న రిపోర్టు ఫొటో తీశాను. తల నాలుగు వారాలు తక్కువ. పొట్ట చుట్టుకొలత నాలుగు వారాలు తక్కువ. తొడ ఎముక నాలుగు వారాలు తక్కువ. అన్నిచోట్లా ఒకటే.

రాయి ఎక్కడుందో వెతికి పాతించే పని పెద్దాయనకు అప్పగించి బండెక్కాను. రేపల్లె చేరేదాకా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, ఇది పొలం కాదు, ఒక బీడీ మాట మీద ఆశ పెట్టుకోకూడదు అని. కానీ బండి మాత్రం వేగంగానే వెళ్లింది.

అత్తయ్య వరండాలో పీట మీద కూర్చుని, ఊరగాయకు ఉసిరికాయలు తడిబట్టతో తుడుస్తోంది. చెప్పాపెట్టకుండా వచ్చిన అల్లుణ్ని చూసి లేవబోయింది. కూర్చోమని, ఆగస్టులో ఇక్కడ తీయించిన మొదటి స్కాను రిపోర్టు కావాలని అడిగాను. అది ఎక్కడో ఉంటుందండి, చూడాలండి అంది. అంటూ ఒకే ఉసిరికాయను తుడుస్తూ ఉంది. ఆ కాయ అప్పటికే మెరుస్తోంది.

కాసేపటికి ఆవిడే అంది. "అల్లుడుగారూ, ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి."

"అడగండి అత్తయ్యా."

"ఆషాఢంలో అమ్మాయి జాకెట్లు కుట్టించుకోవాలని రెండుసార్లు తెనాలి వెళ్లిందండి."

"అవునండి."

"ఒక్క జాకెట్టూ ఇంటికి రాలేదండి."

నేను ఉసిరికాయల వైపు చూశాను. మంచి కాయలు, నీటుగా ఉన్నాయి. అత్తయ్య లేచింది. లోపలికి వెళ్లి బీరువా తీసి, పట్టుచీరల కింద నుంచి ఒక పసుపుపచ్చ కవరు తెచ్చింది. వస్తూ వస్తూ వంటింట్లో మేకుకున్న క్యాలెండరు కూడా తీసుకొచ్చి, పేజీలు వెనక్కి తిప్పింది. మే నెలలో ముప్పయ్యో తేదీ మీద పెన్సిలు చుక్క. జూన్‌లో ఇరవై ఎనిమిది మీద ఇంకో చుక్క. ఆ రెండో చుక్క కింద చిన్నక్షరాల్లో తిథి ఉంది, ఆషాఢ శుద్ధ తదియ. రిపోర్టులో ఆగస్టు పదహారుకి ఏడు వారాలు అని ఉంది. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాను. జూన్ ఇరవై ఎనిమిది దగ్గరికే వచ్చింది.

ఆ రిపోర్టు చూసిన రోజే అత్తయ్య వేళ్ల మీద లెక్క వేసుకుందట. ఆషాఢం నెల తన ఇంట్లో, తన కాపలాలో ఉన్న పిల్లకు ఆషాఢంలోనే కడుపు వచ్చింది. తెనాలిలో నర్సు డేటు అడిగినప్పుడు పక్కన వియ్యపురాలు కూర్చుని ఉంది. "ఒక్క నెల పిల్లను చూసుకోలేకపోయిందా అనుకుంటారని, ఒక చుక్క ముందుది చెప్పేశానండి. ఊరూ పేరూ లాగా అదీ రాసుకోవడానికే అడుగుతారనుకున్నాను. లోపలున్నది మిషనే చూసుకుంటుంది కదా అని."

మరి స్కాను రోజున డాక్టరుగారు అడిగినప్పుడైనా చెప్పాల్సిందన్నాను. నా గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"చెబుదామనే ఉందండి. రెండోసారి వెళ్లినప్పుడు మీ అమ్మగారు బయటికెళ్లగానే చెబుదామని. అదే కారణం అయ్యుంటుందని నాకూ అనిపిస్తోంది." ఆవిడ కవరును మడిచి, మళ్లీ విప్పింది. "కాకపోతేనో? ఇది కూడా చెప్పేశాక, అది కాదని తేలితే ఇంక చెప్పుకోడానికి ఏముంటుందండి."

 దారి పొడుగునా నేను పడుతున్న భయం కూడా అదే.

మా ఆవిడ గుమ్మం దగ్గర ఎప్పుడు వచ్చి నిలబడిందో మేం చూడలేదు. మొత్తం వినేసినట్టుంది. "అమ్మా, తెలిసుండి కూడా రోజుకి నాలుగు గుడ్లు నాచేత ఎందుకు తినిపించావు?" అంది.

"తింటే పోయేదేముంది" అంది అత్తయ్య, ఉసిరికాయల ముందు మళ్లీ కూర్చుంటూ.

మిగిలిన మూడు రోజులూ మొదటి పదకొండు రోజులకన్నా నెమ్మదిగా నడిచాయి. భయం ఒక్కటే ఉంటే దానికి అలవాటు పడొచ్చు. దాని పక్కన ఆశ కూడా వచ్చి కూర్చుంటే మనిషికి చోటుండదు. అమ్మకు నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే అని మాత్రం నిర్ణయించుకున్నాను. తప్పంతా నాదేనని, అత్తయ్యది కాదని, ఒక చిన్న ఉపన్యాసం తయారుచేసుకున్నాను. బాగా వచ్చింది. ఒకచోట గొంతు వణికేలా కూడా ఏర్పాటు చేశాను.

పద్నాలుగో రోజు తెనాలిలో అదే గది, అదే చల్లటి జెల్లు. తలుపు దగ్గర కుర్చీల్లో అమ్మా, అత్తయ్యా. డాక్టరుగారు ముందు తల కొలిచారు, నలభై నాలుగు. తర్వాత తొడ ఎముక కోసం వెతికారు. బిడ్డ కాలు ముడుచుకుని ఉంది. ప్రోబ్‌తో పొట్ట మీద అటూ ఇటూ నొక్కారు, మా ఆవిడను పక్కకు తిరిగి పడుకోమన్నారు, కాసేపు ఆగారు.  బిడ్డ కాలు చాపింది. ఈ చివర చుక్క, ఆ చివర చుక్క.

"ముప్పై" అన్నారు డాక్టరుగారు. రెండోసారి కొలిచారు. ముప్పై. మూడోసారి కొలవలేదు.

రెండు వారాల్లో ఎంత పెరగాలో అంతా పెరిగింది. నేను గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టేలోపు అత్తయ్య కుర్చీలోంచి లేచింది. చేతిసంచిలోంచి పసుపుపచ్చ కవరు తీసి డాక్టరుగారి బల్ల మీద పెట్టింది. మా అమ్మ వైపు చూడలేదు. అలాగని గొంతూ తగ్గించలేదు.

"డేటు నేనే తప్పు చెప్పానండి. మే కాదు. జూన్ ఇరవై ఎనిమిది."

డాక్టరుగారు రిపోర్టు తీసి చూశారు. "ఆషాఢమా?" అని అడిగారు. అత్తయ్య తలూపింది. ప్రతి ఏడూ కార్తీకంలో తనకు ఇలాంటివి వస్తూనే ఉంటాయని, పోయినసారే అనుమానం వచ్చిందని, అయినా అనుమానాన్ని నమ్మి వదిలెయ్యకూడదు కాబట్టి ఎలాగైనా రెండోసారి కొలవాల్సిందేనని డాక్టరుగారు చెప్పారు. చెబుతూనే ఎర్ర పెన్నుతో కార్డు మీద మే ముప్పై కొట్టేశారు, మార్చి ఆరు కొట్టేశారు. పక్కన ఏప్రిల్ నాలుగు అని రాశారు. పద్నాలుగు రోజుల సంగతి పది సెకన్లలో అయిపోయింది.

నా ఉపన్యాసం అలాగే ఉండిపోయింది. ఊరికే పోనివ్వడం ఎందుకని, "అసలు తప్పు నాదండి, ఆ రోజు తెనాలిలో" అని ఎత్తుకున్నాను.

"కాస్త జరగండి బాబూ, తర్వాతి పేషెంటు రావాలి" అన్నారు డాక్టరుగారు.

బయట బల్ల మీద నలుగురం కూర్చున్నాం. మా ఆవిడ పొట్ట మీద మిగిలిన జెల్లును కొంగుతో తుడుచుకుంటోంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని మొహంతో. అత్తయ్య సంచిని రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని నిటారుగా కూర్చుంది, పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూసే పిల్లలాగా. అమ్మ బొటనవేలితో వేలి కణుపులు లెక్కపెడుతోంది. చైత్రం నుంచి వెనక్కి వచ్చింది. ఫాల్గుణం, మాఘం, పుష్యం.  ఆషాఢం దగ్గర బొటనవేలు ఆగింది. నా వైపు చూసింది, కోడలి వైపు చూసింది, అత్తయ్య వైపు చాలాసేపు చూసింది.

"అయితే ఏప్రిలన్నమాట" అంది.

"అవునండి వదినగారూ" అంది అత్తయ్య.

"బాగా ఎండల్లో పడిందండి కాన్పు. అందుకేగా పెద్దవాళ్లు ఆ నెల వద్దనేది" అంది అమ్మ. తిట్లు ఇంతేనా, ఇంకా ఉన్నాయా అని నేను ఎదురుచూస్తున్నాను. అమ్మ అత్తయ్య చేతిలోంచి సంచి తీసుకుని పక్కన పెట్టింది. "మీ ఇంట్లో కూలరుందా?"

ఉందండి, కానీ మోటారు పోయిందండి అంది అత్తయ్య. మాది తెచ్చేస్తాం అంది అమ్మ. ఎందుకండి శ్రమ, బాగుచేయిస్తామండి అంది అత్తయ్య. బాలింతరాలికి రిపేరు కూలరు వద్దండి అంది అమ్మ. ఇద్దరూ అలా మాట్లాడుకుంటుండగా అమ్మ నా వైపు తిరిగి, మన కూలరుకు గడ్డి మార్పించి ఎన్నేళ్లయిందిరా అని అడిగింది.

మూడేళ్లయింది. కూలరు గడ్డి ఫిబ్రవరిలోనే మార్పించుకోవాలి. మార్చి వస్తే ఆ పని చేసే మనిషి దొరకడు.